నాణేనికీ పానపాత్రకూ నడుమ ఇంగ్లండు వెండి

పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో వెండి పానపాత్ర ముందుగా దాచుకున్న సొమ్ము, ఆ తరువాతే బల్ల మీది అలంకారం. నాణేనికీ పాత్రకూ వాడేది వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి ఉన్న స్టెర్లింగ్ లోహమే కావడంతో, అవసరాన్ని బట్టి ఒకదాన్ని కరిగించి మరొకటిగా మార్చుకోవడం సంపన్నులకు మామూలు వ్యవహారం. పనితనానికి చెల్లించిన కూలి ఒక్కటే మూసలో పోయేది.

పాత్రల మీది ముద్రల వ్యవస్థకు మూలం కూడా ఇదే. మొదటి ఎడ్వర్డు 1300లో చేసిన చట్టం చిరుతపులి తల ముద్రను నిర్దేశించగా, 1363లో తయారీదారు గుర్తు, 1478లో సంవత్సరాన్ని తెలిపే అక్షరం, 1544లో నడిచే సింహం దానికి తోడయ్యాయి. లండన్ స్వర్ణకారుల సంఘ భవనమైన గోల్డ్‌స్మిత్స్ హాల్‌లో వేసేవి గనుక ఇవి హాల్‌మార్కులయ్యాయి. పాత్ర నుంచి గీకిన వెండిని తూచి, సీసం చేర్చి, ఎముకల బూడిదతో చేసిన చిన్న మూసలో పుటం పెట్టినప్పుడు సీసమూ రాగీ ఆ బూడిదలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూస తూకంలో తగ్గినంత మేర కల్తీ అన్నమాట.

1642లో అంతర్యుద్ధం మొదలయ్యాక మొదటి చార్లెస్ ఆక్స్‌ఫర్డులో మకాం వేసి, అక్కడి కళాశాలల వెండిని తెప్పించి నాణేలు కొట్టించాడు. కార్పస్ క్రిస్టీ కళాశాల మాత్రం తన పాత సామగ్రిని ఎలాగో కాపాడుకుంది. తక్కినచోట్ల మధ్యయుగపు పాత్రలు అరుదు కావడంలో వింతేమీ లేదు.

1660లో రాచరికం తిరిగి వచ్చాక కొత్త పాత్రలకు గిరాకీ పెరిగింది. బీరు తాగే టాంకర్డుకు మూతా, ఆ మూతను పిడి పట్టుకున్న చేతి బొటనవేలితోనే లేపేందుకు మడతబందు పైన చిన్న మీటా ఉండేవి. అంచున గండ్లు కోసిన మాంటీత్ అనే పెద్ద గిన్నెలో చల్లని నీళ్లు పోసి, గాజు గ్లాసులను ఆ గండ్లకు తలకిందులుగా వేలాడదీసేవారు. రేకును ఇనుప దిమ్మ మీద సుత్తితో కొడుతూ, గట్టిపడినప్పుడల్లా కాల్చి మెత్తబరుస్తూ గిన్నెను పైకి లేపేవారు. తొలుత వృత్తం గీయడానికి గుచ్చిన వృత్తలేఖిని చుక్క చాలా పాత్రల అడుగున ఇప్పటికీ కనిపిస్తుంది.

నాణేల అంచులు కత్తిరించి పాత్రలకు వాడుకోవడాన్ని అరికట్టడానికి 1697 చట్టం పాత్రల వెండిని 958 పాళ్లకు పైబడిన బ్రిటానియా ప్రమాణానికి పెంచింది. 1720లో స్టెర్లింగును మళ్లీ అనుమతించినా, ప్రభుత్వం ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం విధించింది.

1713లో తన గుర్తును నమోదు చేసుకున్న పాల్ డి లామెరీ, ఫ్రాన్సులో మతహింసకు గురైన హ్యూగనో ప్రొటెస్టెంట్ల కుటుంబంలో 1688లో నెదర్లాండ్స్‌లో పుట్టినవాడు. స్టెర్లింగును మళ్లీ అనుమతించాక కూడా బ్రిటానియా ప్రమాణాన్నే చాలాకాలం పాటించిన ఈ గొప్ప పనివాడు, సుంకం ఎగవేతలోనూ వెనకాడలేదు. ఆనాటి ఎగవేత పద్ధతుల్లో పేరుపొందినది, ఒక చిన్న వస్తువుకు మాత్రమే సుంకం కట్టి ముద్రలు వేయించుకుని, ఆ ముక్కను కోసి పెద్ద పాత్ర అడుగున అతికించడం. అలాంటి చోట వెండి మీద నోటితో ఊదితే, ఆవిరి పట్టిన ఉపరితలం మీద అతుకు గీత బయటపడవచ్చు. 1758లో తూకపు సుంకం స్థానంలో వర్తకుల లైసెన్సు రుసుము రావడంతో ఈ అతుకుల అవసరం తప్పింది.