ఉప్పునీటి సాక్ష్యము

పలాస, కాశీబుగ్గల జీడి కార్ఖానాలలో పిక్కలు కొట్టు స్త్రీల చేతులను ఉద్దానమున చూడనివారుండరు. పెంకులోని జీడినూనె చర్మమును పొక్కించి నల్లబరచును. అందులకే చేతులకు బూడిదయో ఆముదమో రాచుకొను అలవాటు జీడిపనిలో కలదు. పొద్దుగూకు వేళకు ‘చేయి లాగుచున్నది’ అని కార్మికురాలు చెప్పు మాటకు యంత్రము సాక్ష్యమీయగలదా? ఈయగలదు. కాని ఆ సాక్ష్యము చర్మమును దాటి రావలయును. ఆ దాటుట ఎట్లు సాధ్యమైనదో నేడు ముచ్చటించుకొందము.

కండరము బిగిసినపుడు అందు విద్యుత్తు పుట్టును. చర్మముపై అది వోల్టులో వేయవవంతు మాత్రమే. పలుమారులు అంతకంటెను తక్కువ. 1849 ప్రాంతమున బెర్లినులో ఎమిల్ దుబ్వా రేమాన్ అను శాస్త్రజ్ఞుడు 24,000కు పైగా తీగచుట్లుగల గాల్వనామీటరును నిర్మించెను. రెండు చేతుల వ్రేళ్లను రెండు ఉప్పునీటి పాత్రలలో ముంచి, ఒక చేతిని బిగించెను. సూచిక కొద్దిగా కదలెను. అడ్డుపడుచున్నది చర్మమేనని ఆయన గ్రహించెను. పిమ్మట ముంజేతులపై బొబ్బలు రేపు పట్టీలు వేసి, పైచర్మమును తొలగించి, ఆ పచ్చిపుండ్ల మీదుగా మరల కొలిచెను. కండరము మారలేదు, సూచిక మాత్రము ఎన్నో రెట్లు అధికముగా కదలెను!

అంతటి అడ్డు నిలిచినది, 0.01 నుండి 0.02 మిల్లీమీటరు మందముగల మృతకణముల పొర. దానిని తడిపి మెత్తబరచునది ఉప్పునీరే. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఐంథోవెన్ హృదయస్పందనమును గీయుటకు కాలుసేతులను ఉప్పునీటి తొట్లలోనే ముంచజేసెను. ఆయన తీగ గాల్వనామీటరుతోనే హాన్స్ పీపర్ కండరములను పరీక్షించి, అలసిన కండరపు తరంగములు మందగించునని 1912లో తెలిపెను. మన కార్మికురాలి ప్రశ్నకు సమాధానము ఆ తరంగములలోనే యున్నది.

టెక్కలి చేరువనున్న నౌపడ ఉప్పుమళ్లలో పేరుకొను ఉప్పువంటిదే నేటి ఎలక్ట్రోడుకు పూయు జిగురులోను కలదు. శరీరములో విద్యుత్తును మోయునవి అయానులు. తీగలో మోయునవి ఎలక్ట్రానులు. రేవులో సరుకు పడవనుండి బండికి మారునట్లు, ఈ మార్పిడి నిలకడగా జరుగుటకు వెండిపై వెండి క్లోరైడు పూత వేయుదురు. సంపర్కము చెడినచో కదలికలకే గీత ఊగును. గోడలోని కరెంటు తీగల 50 హెర్ట్జుల రొద కండరపు పలుకును మ్రింగివేయును. నేటి యంత్రములకు చర్మమును ఒలువ నక్కరలేదు. 1996లో ఆరంభమైన ఐరోపా శాస్త్రజ్ఞుల సెనియామ్ కృషి ఫలితముగా వెలువడిన సూచనలు ఇవి: రోమములు తీయుడు, ఆల్కహాలుతో తుడువుడు, ఆరనిండు, ఎలక్ట్రోడులను 20 మిల్లీమీటర్ల ఎడముతో అంటింపుడు.

ఇది చిన్న జాగ్రత్త యని తలపరాదు. ఇరువురు కార్మికులలో ఒకరి ముంజేయి శుభ్రముగా నుండి, వేరొకరి ముంజేతిపై ఆముదము, బూడిద నిలిచియుండెననుకొందము. రెండవయామె గీత చిన్నదైనంత మాత్రమున ‘ఈమె కండరము శ్రమపడలేదు’ అని తీర్పు చెప్పినచో, అది యంత్రము నోట పలికించిన అబద్ధమగును. శ్రమను కొలువబోవువారు ముందుగా సంపర్కమును కొలిచి, ఆ అంకెను గీత ప్రక్కనే వ్రాయవలయును. యంత్రము మౌనము వహించినపుడు, కార్మికురాలి మాటను శంకించుటకు ముందు చర్మమును మరియొకమారు తుడిచి చూడవలయును.