ఇంటి మరమ్మతులు, అమ్మకం ధర: అమెరికా లెక్కలు

1934 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన జాతీయ గృహ చట్టం, ఇళ్ల మరమ్మతుకు బ్యాంకులిచ్చే అప్పులకు ఫెడరల్ ప్రభుత్వ బీమా కల్పించింది. మహామాంద్యంలో పనిలేని వడ్రంగులకు, తాపీమేస్త్రీలకు పని దొరకాలన్నది ప్రధానోద్దేశం. పెట్టిన డబ్బు ఇల్లు అమ్మేటప్పుడు తిరిగి వస్తుందా అన్న ప్రశ్న ఆ చట్టానికి ప్రధానం కాదు.

రెండో ప్రపంచ యుద్ధానంతరం సొంతిళ్లు విపరీతంగా పెరిగి, ఇల్లే మధ్యతరగతి ప్రధాన ఆస్తి అయ్యాక ఆ ప్రశ్న బలపడింది. 1980ల చివరి నుంచి ‘రీమోడలింగ్’ పత్రిక ఏటా ఒక్కో పనికి అయ్యే ఖర్చును, దాని వల్ల పెరిగే ధరపై స్థిరాస్తి ఏజెంట్ల అంచనాను పక్కపక్కన పెట్టి ప్రచురిస్తూ వచ్చింది. ఇవి అసలు అమ్మకాల లెక్కలు కావు, అంచనాలే. ఈ తేడాను చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి.

ఈ వరుసలోని 2024 నివేదికలో గ్యారేజీ తలుపు మార్పు ఖర్చులో దాదాపు 194 శాతం, ఉక్కు వీధి తలుపు 188 శాతం తిరిగి తెస్తాయని తేలింది. వంటగదికి చిన్నపాటి మెరుగులు దిద్దితే 96 శాతం వస్తుందని అదే నివేదిక అంచనా వేసింది. అదే వంటగదిని విలాసంగా పూర్తిగా మార్చేస్తే 38 శాతమే. కారణం స్పష్టం: బయటి నుంచి కనిపించే చవక మార్పు కొనేవారందరికీ నచ్చుతుంది, ఖరీదైన అభిరుచి సొంతదారుది. పైగా ఇరుగుపొరుగు ఇళ్ల ధరలను మించి ఏ ఇల్లూ అంత తేలిగ్గా అమ్ముడుపోదు. అమ్మకం కోసమే అయితే విలాసపు వంటగది నష్టపు బేరం.