తెగిపోయే నిస్తంత్రి

‘నిస్తంత్రి’ అన్న మాట మన జాలరచయితలకు మహా ప్రియమైనది. తంత్రి లేనిది నిస్తంత్రి. సమాసం చక్కగా కుదిరింది. కోవూరు బజారులో మాత్రం ఆ మాట వాడేవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. ‘వైఫై పోయింది’, ‘నెట్టు పోయె’, ‘సిగ్నలు లేదబయా’ - ఈ మూడే వినిపిస్తాయి, మూడూ ఒకే అర్థంలో. ఇవి మూడు వేరువేరు రోగాలు. మూడింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నంత కాలం ఫోనును ఆపి మళ్ళీ వెలిగించడం తప్ప వేరే మందు దొరకదు. ఆ తేడాలు తెలుసుకోవడానికి నేను కొంత చరిత్ర తిరగేయవలసి వచ్చింది. అందులో దొరికిన సంగతులు మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

నిస్తంత్రి సాధనం మొరాయించడం దాని పుట్టుకతోనే మొదలైంది. 1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ అనే ఆయన గాజు గొట్టంలో లోహపు రజను పోసి చూశాడు. దగ్గరలో విద్యుత్ మెరుపు పుట్టినప్పుడు ఆ రజను ఒకదానికొకటి అతుక్కుని కరెంటును పోనిచ్చేది. తొలినాటి నిస్తంత్రి గ్రాహకాలలో అదొకటి. చిక్కేమిటంటే, ఒకసారి అతుక్కున్న రజను తనంతట తాను విడిపోదు. రెండో సంకేతం అందాలంటే గొట్టాన్ని తట్టి రజనును చెదరగొట్టాలి. ఇంగ్లండులో లాడ్జ్ అందుకోసం ఒక చిన్న సుత్తి అమర్చాడు. మార్కోనీ కూడా ఆ పద్ధతినే వాడుకున్నాడు. మాట రాకపోతే రేడియో నెత్తిన ఒక్కటిచ్చే మన అలవాటుకు ఇంత గొప్ప వంశవృక్షం ఉందని నాకు తెలియదు!

1895లో కలకత్తా టౌన్ హాలులో జగదీశ్ చంద్ర బోస్ తన తరంగాలను లెఫ్టినెంట్ గవర్నరు దేహం గుండా, గోడల గుండా పంపి అవతలి గదిలో గంట మోగించాడు, తుపాకిమందు పేల్చాడు. ఆయన వాడినవి చాలా పొట్టి తరంగాలు, మిల్లీమీటర్లలో కొలవదగినవి. ఇప్పటి మన ఫోన్లు వాడే అలలు వాటికి దగ్గర చుట్టాలు. తట్టవలసిన పనిలేకుండా తిరిగి తేరుకునే గ్రాహకాన్ని, ఇనుము పాదరసం కలిపి, ఆయన 1899లో రాయల్ సొసైటీకి నివేదించాడు. తెగిన సంబంధం తనంతట తాను అతుక్కోవాలన్న కోరిక అప్పటిదన్న మాట.

మన జిల్లా సంగతికి వద్దాం. పెన్నకు ఉత్తరపు గట్టున కోవూరు, దక్షిణపు గట్టున నెల్లూరు. అటు విజయవాడ దూరమే, ఇటు మద్రాసూ దూరమే. మా బాల్యంలో రెండు కేంద్రాలూ వినబడేవి, రెండూ సరిగా వినబడేవి కావు. పగలు విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద సన్నగానైనా నిలకడగా పలికేది. పొద్దు గూకాక గొంతు పెరిగేది, అంతలో సన్నగిల్లేది, మళ్ళీ పెరిగేది. రేడియో సిలోనులో మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు పాటల కార్యక్రమం కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నవారికి ఈ అనుభవం చెప్పనక్కరలేదు. పాట అలలాగా వచ్చి అలలాగా వెళ్ళేది. పల్లవి మనకు, చరణం సముద్రానికి!

కారణం తెలిశాక సరళంగానే ఉంటుంది. రాత్రివేళ మధ్యతరంగాలు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి నేలను పట్టుకుని పాకుతూ వచ్చేది, రెండోది పైన అయనోవరణం దాకా పోయి అక్కడ వంగి దిగివచ్చేది. రెండు అలల శిఖరాలు కలిస్తే గొంతు పెరుగుతుంది. ఒకదాని శిఖరం రెండోదాని లోయలో పడితే గొంతు పోతుంది. పైనున్న అయనోవరణం నిలకడగా ఉండదు గనుక ఈ కలయికా నిలకడగా ఉండదు. విజయవాడ కేంద్రం లోపం ఇందులో ఏమీ లేదు, పెట్టె లోపమూ లేదు.

1975లో మద్రాసు దూరదర్శన్ మొదలయ్యాక మా వైపు కలవారి మిద్దెల మీద వెదురు బొంగులంత పొడవు గొట్టాలు లేచాయి. పైన ఒకరు, కింద ఒకరు. ‘వచ్చిందా?’ ‘ఇంకాస్త తిప్పు!’ ‘ఆఁ... పోయె, పోయె, ఎనక్కి తిప్పు!’ ఆ కేక ఊరిలో ఏ ఇంటిదో చెప్పగలిగే వాళ్ళం. సముద్రం మీది తడిగాలి పైన నేల మీది వేడిగాలి పరుచుకున్నప్పుడు అలలు ఆ రెంటి మధ్య సొరంగంలో పోయినట్టు పోయి, మామూలుగా అందని దూరాలు చేరతాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయిలోని రాడారుకు వేయిమైళ్ళకు పైబడి దూరాన ఉన్న అరేబియా తీరం కనబడడానికి కారణం ఇదే. కోస్తావాళ్ళకు బొమ్మ ఒకనాడు స్ఫటికంలా రావడం, మరునాడు పూర్తిగా పోవడం కూడా ఇందులో భాగమే.

ఈ పాత కథంతా ఎందుకంటే, మా ఇంట్లో నిరుడు జరిగినదానికి మూలం ఇక్కడే ఉంది. మాది పాత మిద్దె, ఇటుక సున్నం కట్టుబడి, గోడలు మూరెడు మందం. ఫైబరు తీగ వీధివైపు గదిలోకి వచ్చింది కాబట్టి దాన్ని బిగించడానికి వచ్చిన కుర్రవాడు వైఫై పెట్టెను అక్కడే ఇనుప బీరువా పక్కన తగిలించి పోయాడు. మా అమ్మ కూర్చునేది నడిమి గదిలో. డల్లాసులో ఉన్న మా తమ్ముడు పనికి పోబోయే ముందు, మనకు రాత్రి ఏడింటికి, ఫోను చేస్తాడు. మాట మధ్యలో బొమ్మ కొయ్యబారేది. ‘ఏంది నాయనా, వాడు నోరు తెరిచి అట్టే ఉండిపోయినాడు’ అని ఆమె ఫోను నాకిచ్చేది. రోజులో ఆమెకు ఆ పావుగంటే ముఖ్యం. కొత్త ఫోను కొనమని అందరూ ఇచ్చిన సలహా. నేను కొనలేదు.

ముందుగా ఫోనును పెట్టె పక్కనే పెట్టి మాట్లాడించాను. అరగంటైనా తెగలేదు. అంటే బయటినుంచి వచ్చే ఫైబరు బాగానే ఉంది. తరువాత నా ఫోనుతో నడిమి గదిలో కూర్చున్నాను, అదీ తెగింది. కాబట్టి తప్పు అమ్మ ఫోనుది ఒక్కదానిదే కాదు. తెగిన క్షణంలో పెట్టె సొంత పేజీ (192.168.1.1 అని కొడితే వచ్చేది) తెరవబోయాను. అదీ రాలేదు. ఆ పేజీకి అంతర్జాలంతో పనిలేదు, ఫోనుకూ పెట్టెకూ మధ్య దారి ఉంటే చాలు. అది కూడా రాలేదంటే తెగినది ఆ నాలుగు గజాల దారే. ఈ ఒక్క పరీక్షతో ‘వైఫై పోయింది’, ‘నెట్టు పోయె’ అనే రెండు రోగాలూ విడిపోతాయి.

నాలుగు గజాల్లో ఏముంది? వైఫై వాడే 2,400 మెగాహెర్ట్జ్ అల పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. విజయవాడ రేడియో అల పొడవు దాదాపు 358 మీటర్లు. కొలత మారింది, గొడవ మారలేదు. పెట్టె నుంచి తిన్నగా వచ్చే అల ఒకటి, ఇనుప బీరువాకు తగిలి తిరిగివచ్చే అల మరొకటి, నేలకూ కప్పుకూ తగిలి వచ్చేవి ఇంకొన్ని. రేడియోకు అయనోవరణం ఎలాగో మా వైఫైకి ఆ బీరువా అలాగ! నాలుగు వేళ్ళ వెడల్పు జరిపితే ఫోను శిఖరం నుంచి లోయలో పడగలదు. అమ్మ కుర్చీలో అటు వాలితే బొమ్మ రావడం, ఇటు వాలితే పోవడం అందువల్ల.

ఈ పలుదారుల చిక్కును గెలవడానికి మార్గం వెతికినవారిలో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ ఓసల్లివన్ ఒకరు. ఆయన 1970ల్లో వెతికినది వైఫైని కాదు, హాకింగ్ ఊహించిన చిన్న కృష్ణబిలాలు పేలేటప్పటి రేడియో సంకేతాలను. అవి దొరకలేదు. చెదిరిన సంకేతాన్ని గణితంతో తిరిగి కూర్చే నైపుణ్యం మాత్రం మిగిలింది. ఆయన బృందం దాన్ని గదుల్లోని రేడియో అలలకు అన్వయించింది. 1996లో అమెరికా పేటెంటు వచ్చింది. సినీనటి హెడీ లమార్ వైఫైని కనిపెట్టిందని ఏటా ఎవరో ఒకరు రాస్తుంటారు. 1942 నాటి ఆమె పేటెంటు నిజమే, తెలివైనదే. నేటి వైఫై మాత్రం ఆ దారిన నడవడం లేదు.

ఇక సాయంత్రమే ఎందుకు ఎక్కువగా తెగుతుంది? ఇది భౌతికశాస్త్రం కంటే చట్టాల చరిత్ర. 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశం 2,450 మెగాహెర్ట్జ్ పరిసరాలను పరిశ్రమలకూ వైద్యానికీ, మాటలు మోయని పనులకు విడిచిపెట్టింది. మైక్రోవేవ్ పొయ్యి అక్కడికే చేరింది. (నీరు సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గరే వేడెక్కుతుందన్నది పుకారు. నీరు ఆ చుట్టుపక్కల అన్నిచోట్లా వేడెక్కుతుంది.) 1985లో అమెరికా ప్రభుత్వం ఆ పోరంబోకులో లైసెన్సు లేకుండా సమాచారం పంపుకోవచ్చన్నది. 1997లో 802.11 ప్రమాణం, సెకనుకు రెండు మెగాబిట్ల వేగంతో, వెలువడింది. ‘వైఫై’ అన్న ముద్దుపేరు 1999లో వచ్చింది.

మన దేశంలో మాత్రం 1933 నాటి నిస్తంత్రి చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆ సాధనం ఇంట్లో ఉండడమే నేరంగా ఉండేది. వినడానికి రేడియో కొన్నా తపాలా కార్యాలయంలో రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవలసిందే. ఆ పద్ధతి 1980ల్లో గానీ పోలేదు. 2005 జనవరిలో కేంద్రం 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తి సాధనాలకు లైసెన్సు అక్కరలేదని నియమాలు ప్రకటించింది. బీఎస్ఎన్ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండు మొదలైనది కూడా ఆ నెలలోనే. డయలప్ మోడెము కూతలు వింటూ తెలుగు టైపు చేసిన మన తరానికి ఆ జనవరి ఒక మలుపు, అప్పుడు ఎవరమూ గమనించలేదు గానీ.

పోరంబోకు నేల అందరిదీ. కాబట్టి అక్కడ రద్దీ తప్పదు. 83.5 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఒకదానినొకటి రాసుకోకుండా పట్టేవి మూడే ఛానెళ్ళు: 1, 6, 11. మా వీధిలో సాయంత్రం చూస్తే పదకొండు పెట్టెల పేర్లు కనిపించాయి. ఏడు ఆరో ఛానెల్లోనే ఉన్నాయి, మాదీ అందులోనే. మా పొరుగాయన ఇదంతా శ్రీహరికోట రాకెట్ల వల్ల అని నమ్ముతారు. రాకెట్లు తమ సమాచారాన్ని పంపేది 2,200 - 2,300 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో. మన జోలికి రావు. పొరుగువారి పెట్టెలే మన జోలికి వస్తాయి, ఆయనదీ అందులో ఒకటి.

ఇలాంటి రద్దీలో మాటలు ఢీకొంటాయని మొదట ఒప్పుకుని, ఆ ఒప్పుకోలు మీదనే వ్యవస్థను కట్టినవాడు నార్మన్ అబ్రామ్సన్. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో ద్వీపాల మధ్య సముద్రం మీదుగా కంప్యూటర్లను రేడియోతో కలిపాడు. ఎవరికి తోచినప్పుడు వారు పంపడమే. ‘అందింది’ అన్న జవాబు రాకపోతే ఇష్టం వచ్చినంత సేపు ఆగి మళ్ళీ పంపడం. ఈ పద్ధతిలో దారి గరిష్ఠంగా నూటికి 18 పాళ్ళే అక్కరకు వస్తుంది. వైఫై మాట్లాడే ముందు చెవి పెట్టి వింటుంది గనుక అంతకంటే మెరుగు. అయినా ఆగి మళ్ళీ పంపడం అలాగే ఉంది. ఆ ఎదురుచూపు మరీ ఎక్కువైనప్పుడు తమ్ముడి ముఖం కొయ్యబారుతుంది.

పెట్టెను బీరువా పక్కనుంచి తీసి నడిమి గది గుమ్మం పైన చెక్క అలమరలో పెట్టించాను. ఛానెలును పదకొండుకు మార్చి అక్కడే బిగించాను. పెట్టె రెండు పట్టీలకూ ఒకే పేరు ఉండడం వల్ల ఫోను 2.4కూ 5కూ మధ్య ఊగిసలాడుతూ మారినప్పుడల్లా తెగేది. రెంటికీ వేరు పేర్లు పెట్టాను. 5 గిగాహెర్ట్జ్ పట్టీ విశాలమైనది. 2018 అక్టోబరులో ప్రభుత్వం అక్కడ 605 మెగాహెర్ట్జ్ మేర లైసెన్సు ఎత్తివేసింది. గోడలు దాటడంలో మాత్రం అది అర్భకురాలు. పెట్టె కంటికి కనిపించే చోటే దాన్ని నమ్మాలి.

అమ్మ ఫోనుకు ఇవి కాక సొంత జబ్బు ఒకటి ఉంది. తెర ఆరిపోయాక వచ్చే పిలుపులు మోగేవి కావు. బ్యాటరీ పొదుపు కోసం ఫోను వైఫైని నిద్రపుచ్చుతోంది. మామూలుగా ఫోను నిద్రలోనూ మధ్యమధ్య మేలుకుని పెట్టె పంపే కూతను (సెకనుకు పది దాకా ఉంటాయి) విని పడుకుంటుంది. పొదుపు మరీ ముదిరితే అదీ వినదు. ఆ పిలుపుల అనువర్తనానికి పొదుపు నుంచి మినహాయింపు ఇచ్చి, పాత వైఫై పేరును ఫోను మరిచిపోయేటట్టు చేసి సంకేతపదం మళ్ళీ కొట్టాను. ఖర్చు చెక్క అలమరకే అయింది.

‘నెట్టు పోయె’ అన్న రోగం 2021 నవంబరులో ఊరంతటికీ వచ్చింది. పెన్న వరద పోటెత్తింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. ఏటికి ఇవతల మేము, అవతల నెల్లూరులో లోతట్టున అక్క కుటుంబం. అమ్మ ఫోను మీద వైఫై గుర్తు నిండుగా ఉంది. ‘గుర్తు ఉంది కదా, అక్క పలకదేం?’ అని ఆమె అడుగుతూనే ఉంది. ఆ గుర్తు ఫోనుకూ పెట్టెకూ మధ్య దారిని చూపుతుందే తప్ప ఏటి అవతలి సంగతి చెప్పదు. పెట్టె మీద ‘లాస్’ అన్న ఎర్ర దీపం మినుకుతోంది, అంటే ఫైబరులో వెలుగు రావడం లేదని అర్థం. ఆ రాత్రి వైఫైని ఆపివేసి మామూలు ఫోను పిలుపు కోసం పదేపదే ప్రయత్నించాము. ఎన్నోసారికో అక్క గొంతు అరనిమిషం వినబడింది. నీళ్ళు వీధిలోకి వచ్చాయనీ, తాము మేడమీదికి చేరామనీ చెప్పింది. తరువాత టవరూ మూగబోయింది. ఇన్వర్టరు మీద పెట్టెను అలాగే ఉంచాము. ఎర్ర దీపం నాలుగో నాటి మధ్యాహ్నం ఆరింది.