రెండు చెవులు, రెండు మైకులు

పియానో ఒక్కటే, వాయించే మనిషీ ఒక్కరే. మరి రికార్డు చెయ్యడానికి రెండు మైకులెందుకండీ? ఒకటి చాలదూ?

చాలదన్నాడు అలన్ బ్లమ్‌లైన్, ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. కంపెనీ ఇంజనీరు. ఓసారి కాబోయే భార్య డోరీన్‌తో సినిమాకెళ్ళాడట. తెరమీద మనిషి ఎటు నడిచినా గొంతు మాత్రం ఒకే చోటు నుంచి వస్తోంది. దీన్ని సరిచేసే దారి నాకు తెలుసు అని ఆవిడతో అన్నాడని చెబుతారు. కథ వదిలేసి గొంతు ఎక్కణ్ణించి వస్తోందో చూసే మనిషితో ఆవిడ ఎలా వేగిందో!

1931 డిసెంబరులో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. అప్పటికి 28 ఏళ్ళు. ఆయన చూపిన పద్ధతుల్లో ఒకటి: రెండు మైకుల్ని ఒకేచోట, 90 డిగ్రీల కోణంలో పెట్టడం. పక్కనుంచొచ్చే శబ్దం ఒకదానికి గట్టిగా, రెండోదానికి మెల్లగా అందుతుంది. ఆ తేడానిబట్టే మన చెవులు పియానోలో మంద్రం ఏ పక్కనో, తారస్థాయి ఏ పక్కనో పోల్చుకుంటాయి. గది గోడల ప్రతిధ్వని కూడా చుట్టూ పరుచుకుంటుంది. ఒక్క మైకయితే అంతా ఒకే బొందులోంచి వచ్చినట్టుంటుంది.

1942 జూన్ 7న, రాడార్ పరీక్షిస్తున్న విమానం కూలిపోయి, 38 ఏళ్ళకే పోయాడు. డోరీన్, ఇద్దరు కొడుకులు మిగిలారు. యుద్ధకాలం గనక ఆ కబురు కూడా బయటికి పొక్కనివ్వలేదు.

స్టీరియో రికార్డులు బజారులోకి విరివిగా వచ్చింది 1958లో. ఇళ్ళల్లో అవి మోగేవేళకి, వినడానికి ఆయన లేడు.