గర్భనిరోధక మాత్ర: మోతాదు వెనుకనున్న చరిత్ర

శ్రోతలు మాకు వ్రాయు ఉత్తరములలో ఒక ప్రశ్న మరల మరల కనబడుచుండును: దినమునకు ఒకటి చొప్పున తీసికొను గర్భనిరోధక మాత్రలలో మంచిది ఏది? కొందరు పేరు వ్రాయుదురు, కొందరు వ్రాయరు. ఫలానా మాత్ర తీసికొనుడని చెప్పవలసినవారు వైద్యులే గాని మేము కాము. అయినను ఆ ప్రశ్నకే ఒక చరిత్ర కలదు. ఈ మాత్ర లోకములోనికి వచ్చిన తొలినాళ్ళలో “నాకు సరిపడునది ఏది?” అని అడుగుటకు అవకాశమే లేకుండెను. మాత్ర ఒక్కటే, మోతాదు ఒక్కటే. ఇరువది ఏండ్ల యువతికిని, నలుబది ఏండ్ల ఇల్లాలికిని అదియే. ఏరుకొను అవకాశము ఎట్లు వచ్చినది? అది ఎవరి మూలమున వచ్చినది? ఈనాటి మా ప్రసంగమునకు ఇదియే విషయము.

గర్భము ధరించిన స్త్రీకి మరల అండము విడుదల కాదు. ఆ కాలమున దేహములో సమృద్ధిగా ఉండు ప్రొజెస్టిరోన్ అను హార్మోను అందుకు ముఖ్యకారణము. దానిని బయటినుండి ఎక్కించినచో గర్భము లేకున్నను అండము విడుదల ఆగునని శాస్త్రజ్ఞులు 1937లో కుందేళ్ళయందు చూపిరి. కాని ఆ హార్మోను దొరకుట దుర్లభము, వెల అధికము. నోటితో మ్రింగినచో పనిచేయుట అల్పము. 1940వ దశాబ్దమున రస్సెల్ మార్కర్ అను అమెరికను రసాయన శాస్త్రజ్ఞుడు మెక్సికో అడవులలో పెరుగు ఒక దుంపనుండి దీనిని తయారుచేయు మార్గము చూపెను. ఆ దుంప మన పెండలపు జాతికి చెందినదే. 1951 అక్టోబరు 15వ తేదీన మెక్సికో నగరములోని సింటెక్స్ సంస్థలో జార్జి రోజెన్‌క్రాంజ్, కార్ల్ జెరాసీల పర్యవేక్షణలో లూయిస్ మిరమోంటెస్ అను యువ విద్యార్థి నోటితో తీసికొన్నను పనిచేయు నోరెథిస్టిరోన్ అను పదార్థమును తయారుచేసెను. కొలది కాలమునకే అమెరికాలోని సర్ల్ సంస్థలో ఫ్రాంక్ కోల్టన్ ఇట్టిదే మరియొకటి, నోరెథినోడ్రెల్ అనుదానిని, కనుగొనెను.

రసాయనము సిద్ధమైనది. దానిని స్త్రీలకొరకు కోరినవారు మరియొకరు. 1916లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో సంతాననియంత్రణ వైద్యశాల తెరచి, ఆ నేరమునకు కారాగారము చూచిన మార్గరెట్ శాంగర్ మాత్రరూపమున ఒక సాధనము రావలెనని ఏండ్ల తరబడి కోరుచుండెను. 1952లో బొంబాయిలో ధన్వంతీ రామారావు గారి పూనికతో జరిగిన అంతర్జాతీయ మహాసభకు ఆమె వచ్చినది; అంతర్జాతీయ కుటుంబనియంత్రణ సమాఖ్య అక్కడనే అవతరించినది. ఆమె స్నేహితురాలు కాథరిన్ మెకార్మిక్ జీవశాస్త్రము చదివిన సంపన్నురాలు. పరిశోధనకు ధనము ఆమెదే. గ్రెగరీ పింకస్, మిన్ చుయే చాంగ్ అను శాస్త్రజ్ఞులు మసాచుసెట్స్ రాష్ట్రమున ప్రయోగములు సాగించిరి. జాన్ రాక్ అను స్త్రీవైద్య నిపుణుడు వారికి తోడయ్యెను.

అయితే ఆ రాష్ట్రమున గర్భనిరోధక సాధనములనిచ్చుట నాడు నేరము. అందుచేత పెద్దయెత్తున పరీక్ష జరుపుటకు వారు కరిబియను సముద్రములోని పోర్టోరికో ద్వీపమును ఎంచుకొనిరి. అక్కడ అట్టి చట్టపు అడ్డంకి లేదు. కుటుంబనియంత్రణ కేంద్రములు ముందే కలవు. 1956 ఏప్రిలులో రియో పియెద్రాస్ అను చోట, పేదలకై కట్టిన గృహసముదాయములో పని ఆరంభమయ్యెను. మాత్ర గర్భమును ఆపునని మాత్రమే స్త్రీలకు చెప్పిరి. తమపై జరుగుచున్నది పరీక్ష యని విశదపరచలేదు. ఒక్కొక్క మాత్రలో దాదాపు 10 మిల్లీగ్రాముల నోరెథినోడ్రెల్, దానితో కొంచెము మెస్ట్రనాల్ అను ఈస్ట్రోజెన్ ఉండెను.

అచటి పరీక్షకు బాధ్యత వహించిన వైద్యురాలు ఎడ్రిస్ రైస్‌-రే. ఏడాది తిరుగకముందే ఆమె పింకస్‌కు నివేదిక పంపెను. క్రమముగా తీసికొన్నవారికి మాత్ర చక్కగా పనిచేయుచున్నది. కాని నూటికి 17 మందికి వికారము, తలతిప్పుట, తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు కలుగుచున్నవి. ఇన్ని బాధలు గల మందు సర్వసామాన్యముగా వాడుటకు తగదు. ఇదియే ఆమె అభిప్రాయము. పింకస్, రాక్ ఇరువురును ఆ బాధలలో అనేకము మనస్సునుండి పుట్టినవేయని తలచిరి. మోతాదు మారలేదు. ఈ చరిత్రలో మేము మిక్కిలి విచారముతో చెప్పుకొనవలసిన ఘట్టమిది. బాధ పడినవారు చెప్పిరి, వ్రాయవలసిన వైద్యురాలు వ్రాసెను, వినవలసినవారు వినలేదు.

1957లో ఆ మాత్రకు అమెరికా ప్రభుత్వము ఋతుదోషముల చికిత్సకై అనుమతినిచ్చెను. 1960లో ఎనోవిడ్ అను పేరున గర్భనిరోధమునకును అనుమతి లభించెను. అప్పటి మాత్రలో నోరెథినోడ్రెల్ 9.85 మిల్లీగ్రాములు, మెస్ట్రనాల్ 0.15 మిల్లీగ్రాము. 1961 డిసెంబరులో బ్రిటను ఆరోగ్యమంత్రి ఈనక్ పవెల్ ప్రభుత్వ వైద్యసేవ ద్వారా మాత్రలు లభించునని ప్రకటించెను. 1965 నాటికి అమెరికాలో వాడువారు 60 లక్షలకు మించిరి.

గృహములలో ఇంకొక చిక్కు వచ్చినది. ఈ దినము మాత్ర తీసికొంటినా, లేదా? ఇల్లినాయ్ రాష్ట్రమున డేవిడ్ వాగ్నర్ అను ఇంజనీరు తన భార్యకొరకు వారముల పేర్లు వ్రాసిన కాగితముపై మాత్రలు పేర్చెను. కాగితము జారిపడగా అవి చెల్లాచెదరయ్యెను. అంతట 1962లో అట్ట, పారదర్శకమైన ప్లాస్టిక్కు, పిల్లల ఆటవస్తువునుండి ఊడదీసిన గుండీ చేర్చి, దినములు చూపు గుండ్రని డబ్బా తయారుచేసెను. నేడు మాత్రల అట్టలపై కనబడు వారముల గుర్తులకు ఆ డబ్బాయే తొలి నమూనాలలో ఒకటి.

ఇంతలో మరింత తీవ్రమైన విషయము బయటపడెను. 1961 నవంబరులో విలియం జోర్డన్ అను ఆంగ్ల వైద్యుడు ఈ మందు వాడిన ఒక నర్సుకు ఊపిరితిత్తుల రక్తనాళములలో రక్తపుగడ్డ అడ్డుపడినదని లాన్సెట్ పత్రికకు వ్రాసెను. ఒక్క ఉదాహరణము చాలదని పలువురు భావించిరి. 1968లో బ్రిటనులో జరిగిన పరిశోధనలు సందేహము తీర్చినవి: మాత్రకును రక్తము గడ్డకట్టుటకును సంబంధము కలదు. ఈస్ట్రోజెన్ మోతాదు హెచ్చుకొలది అపాయము హెచ్చునని కూడ తేలినది. 1969 డిసెంబరులో ఆ దేశపు ఔషధభద్రతా సంఘము 0.05 మిల్లీగ్రామునకు మించిన ఈస్ట్రోజెన్ గల మాత్రలు వాడవలదని వైద్యులకు సూచించెను. అమెరికాలో అట్టి మాత్రలు అంగళ్ళనుండి పూర్తిగా తొలగుటకు 1988 వరకు కాలము పట్టెను.

1970 జనవరిలో అమెరికా సెనేటులో గేలార్డ్ నెల్సన్ ఈ మాత్రలపై విచారణ జరిపించెను. అందుకు కారణములలో ఒకటి అంతకుముందటి ఏట బార్బరా సీమన్ ప్రకటించిన గ్రంథము. సాక్ష్యము చెప్పుటకు నిపుణులు వచ్చిరి. మాత్రను మ్రింగుచున్న స్త్రీలను మాత్రము ఎవరును పిలువలేదు. ఆలిస్ వుల్ఫ్‌సన్ మొదలగు యువతులు సభామధ్యమున లేచి నిలిచి, ఏల పిలువలేదని గట్టిగా ప్రశ్నించిరి. ఆ యేడే ప్రతి మాత్రల పొట్లములోను హెచ్చరిక పత్రము ఉంచవలెనని నియమము వచ్చెను. తొలుత తలపెట్టిన పత్రమును చాలవరకు కుదించిరి గాని, 1978లో వివరమైన పత్రము వచ్చినది. నేడు మనము డబ్బా తెరచి పారవేయు సన్నని కాగితము వెనుక ఇంత పోరాటము కలదు.

భయము పెట్టుటయు ప్రమాదమే. 1995 అక్టోబరులో బ్రిటను ఔషధాధికారులు కొన్ని కొత్త మాత్రలవలన రక్తపుగడ్డల అపాయము హెచ్చని తొందరపడి ప్రకటించిరి. బెదరిన స్త్రీలు మాత్రలు మానివేసిరి. మరుసటి యేట గర్భస్రావముల సంఖ్య పెరిగెను. అపాయము నిజమే, దాని కొలత కూడ చెప్పవలెను. యూరపు ఔషధసంస్థ 2013లో ఇచ్చిన లెక్క ప్రకారము, మాత్ర వాడని 10,000 మంది స్త్రీలలో ఏడాదికి సుమారు ఇరువురికి రక్తపుగడ్డ ఏర్పడును. లెవోనార్జెస్ట్రెల్ గల మాత్రలు వాడువారిలో 5 నుండి 7 మందికి. డ్రోస్పిరినోన్ గలవి వాడువారిలో 9 నుండి 12 మందికి. గర్భవతులలో ఈ అపాయము అంతకంటె అధికము.

ఈ అనుభవములన్నియు చేరి నేటి ఎంపిక ఏర్పడినది. 1996లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ స్థితిలో ఏ సాధనము తగునో నాలుగు తరగతులుగా విభజించి చూపెను. ముప్పది అయిదేండ్లు దాటి దినమునకు 15 సిగరెట్లు గాని అంతకు మించి గాని కాల్చువారు, మునుపు రక్తపుగడ్డ ఏర్పడినవారు, రక్తపుపోటు మిక్కిలి హెచ్చుగా ఉన్నవారు, కండ్ల ముందు మెరుపులు కనబడి పిమ్మట పార్శ్వపు తలనొప్పి వచ్చువారు, ప్రసవించి ఆరు వారములు నిండని పాలిచ్చు తల్లులు ఈస్ట్రోజెన్ కలిసిన మాత్ర తీసికొనరాదు. ఈస్ట్రోజెన్ లేని మాత్ర వేరుగా కలదు. అమెరికాలో దానికి 1973లో అనుమతి లభించెను. అది వీరిలో కొందరికి తగవచ్చును గాని, దినదినము ఒకే వేళకు తీసికొనవలెను. క్షయకు వాడు రిఫాంపిసిన్ వంటి మందులు మాత్రల శక్తిని తగ్గించును.

మన దేశమున ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా ఇచ్చు మాలా-ఎన్ మాత్రలో ఈస్ట్రోజెన్ 0.03 మిల్లీగ్రాము. రసాయనము వేరైనను, తొలి ఎనోవిడ్‌లోని దానిలో ఇది తూకమునకు అయిదవ వంతు. ఇరువది ఎనిమిది మాత్రలలో ఏడు ఇనుము గలవి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన సహేలీ 1991లో వెలువడెను. అది హార్మోను మాత్ర కాదు. మొదటి మూడు నెలలు వారమునకు రెండుసార్లు, పిమ్మట వారమునకు ఒకసారి తీసికొందురు. 2016 నుండి ఛాయ అను పేరున అదియు ప్రభుత్వ కార్యక్రమములో చేరినది.

కావున పొరుగింటివారికి సరిపడినది మనకును సరిపడునని తలపరాదు. వైద్యుని వద్దకు వెళ్ళునపుడు వయస్సు, రక్తపుపోటు, తలనొప్పి, వాడుచున్న ఇతర ఔషధములు, ఇంటిలో ఎవరికైనను రక్తపుగడ్డలు వచ్చినవా అను సంగతి దాచక చెప్పవలెను. మాత్ర మొదలిడిన పిమ్మట కలుగు బాధను సిగ్గుచేత మ్రింగుకొనక, అదియు చెప్పవలెను. పిక్కలో వాపు, నొప్పి గాని, ఎదలో నొప్పి, ఊపిరి ఆడకపోవుట గాని కలిగినచో ఆలస్యము చేయక వైద్యశాలకు పోవలెను. రియో పియెద్రాస్ స్త్రీలు తమ బాధ చెప్పిరి. ఆ మాటను లెక్కలోనికి తీసికొనుటకు లోకమునకు పదమూడేండ్లు పట్టినది. మన ఇండ్లలో అంత ఆలస్యము కారాదని మా కోరిక.