భీమవరం బిడ్డ మందు, భారతదేశపు ధర

1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు సారథ్యం వహించారు. గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలుకు హెట్రజాన్ అక్కడి నుంచే వచ్చింది. 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ మందుల్లో అదే మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆ మందుకు లెడర్లే పరిశోధకుడు బెంజమిన్ డుగ్గర్ పేరున అమెరికాలో పేటెంటు దక్కింది. హక్కులు మాత్రం లెడర్లే మాతృసంస్థ అమెరికన్ సైనమిడ్‌వి.

మరి సుబ్బారావు పుట్టిన దేశంలో ఆ మందు ధరెంత? 1961లో అమెరికా సెనేటర్ కెఫావర్ కమిటీ నివేదిక ఈ సంగతి బయటపెట్టింది. ఆరియోమైసిన్‌కు ప్రపంచంలోనే అత్యధిక ధరలు పలుకుతున్న దేశాల్లో భారత్ ఒకటని తేల్చింది. ఆదాయం తక్కువ, మందుల ధర ఎక్కువ. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

దీని వెనుక ఉన్నది పేటెంటు చట్టం. బ్రిటిషువారి 1911 చట్టం పేటెంటుకు 16 ఏళ్లు ఇచ్చేది. ఇక్కడి పేటెంట్లలో 80–90 శాతం విదేశీయులవేననీ, వాటిలో 90 శాతానికి పైగా ఈ దేశంలో తయారీకి నోచుకోలేదనీ ఆ చట్టాన్ని సమీక్షించిన జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లోనే చెప్పారు. అయినా చట్టం మారడానికి పదేళ్లకు పైనే పట్టింది. విదేశీ కంపెనీలు ఒకవైపు, స్వదేశీ తయారీదారులు మరోవైపు. 1965 బిల్లు మురిగిపోయింది. చివరికి 1970 చట్టం 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది. ఇక మందుకు పేటెంటు లేదు, తయారుచేసే పద్ధతికే. అదీ ఐదు నుంచి ఏడేళ్లే.

హైదరాబాద్ మందుల పరిశ్రమ ఎదిగింది ఆ నీడనే. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. డబ్ల్యూటీవో ఒప్పందంతో 2005లో మందు మీద పేటెంటు తిరిగొచ్చేసరికి మనవాళ్ల ప్రయోజనాలూ ఒకటిగా లేవు. సొంతంగా కనిపెట్టిన అణువును డాక్టర్ రెడ్డీస్ 1997లోనే నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చింది. అలాంటి సంస్థకు పేటెంటూ ఆస్తే. హైదరాబాద్‌దే అయిన నాట్కో దారి వేరు. రక్తక్యాన్సర్ మందు గ్లీవెక్‌పై నోవార్టిస్‌తో పోరాడింది. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగడాన్ని అడ్డుకునే పేటెంటు చట్టం సెక్షన్ 3(డి) ఆధారంగా 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలు కొట్టేసింది.

అంతకు ఏడాది ముందు, బేయర్ నెలకు 2.8 లక్షల రూపాయలకు అమ్ముతున్న క్యాన్సర్ మందు నెక్సావర్‌ను 8,880కే ఇచ్చేలా నాట్కోకు తప్పనిసరి లైసెన్సు, అంటే పేటెంటుదారు ఒప్పుకోకున్నా తయారుచేసే అనుమతి, దక్కింది. తర్వాత హైదరాబాద్ లీ ఫార్మా మధుమేహం మందు కోసం అలాగే అడిగితే 2016లో పేటెంటు కార్యాలయం తోసిపుచ్చింది.