బురుజు కథకు పటం కావాలి

సిద్దిపేట జిల్లాలో చరిత్ర చదివే ప్రతి ఒక్కరికీ తెలిసిన ఊళ్లు రెండున్నాయి. ఒకటి చేర్యాల, నకాషీ పటాలకు పుట్టినిల్లు. రెండోది బైరాన్‌పల్లి, 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున, నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్ల దాడిలో నెత్తుటి మడుగైన ఊరు. పెద్ద కథను గుడ్డ మీద బొమ్మల వరుసగా గీసే విద్య చేర్యాలలో తరతరాలుగా ఉంది. అలా గీసి చూపించవలసిన కథ బైరాన్‌పల్లిలో జరిగింది. అయినా పటం కథలు చెప్పేవాళ్లు ఊరూరా మోసుకెళ్లిన కథల్లో ఈ పోరు చేరలేదు. కళాకారులకు చేతకాక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. జనానికి పట్టక జరిగిందనుకుంటే అది ఇంకా పెద్ద పొరపాటు. ఒక యుద్ధం బొమ్మకెక్కాలంటే గీసే చెయ్యి ఒక్కటే చాలదు. ఆ కథ మాదని చెప్పుకొని, గీయించి, చెప్పించే వాళ్లుండాలి. పటం సంప్రదాయంలో ఆ హక్కు కులానిది. బైరాన్‌పల్లి పోరు మాత్రం ఏ ఒక్క కులానిదీ కాదు. ఈ వ్యాసం చెప్పదలచిందంతా ఆ తేడా గురించే.

ముందుగా ఆ ఊరి కథ. ఇప్పుడు దూల్మిట్ట మండలంలో ఉన్న బైరాన్‌పల్లి నడుమ పాత బురుజు ఒకటుంది. రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకుంటున్న రోజుల్లో ఊరివాళ్లు రక్షణ దళం కట్టుకున్నారు. బురుజు మీద కాపలా పెట్టారు. దూరాన గుంపు కనబడితే నగారా మోగేది, ఊరు ఒక్కచోటికి చేరేది. వాళ్ల దగ్గరున్నవి బర్మారు తుపాకులు, వడిసెలలు, రాళ్లు, కొంత మందుగుండు. వాటితోనే అంతకు ముందు వచ్చిన దాడులను తిప్పికొట్టారు. ఆగస్టు 27న రజాకార్లు ఒంటరిగా రాలేదు, నిజాం సాయుధ బలగాలను వెంటబెట్టుకొని, ఫిరంగులతో వచ్చారు. బురుజు నిలవలేదు. దొరికిన మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. చనిపోయినవాళ్ల లెక్క చెప్పేవాళ్లను బట్టి మారినా, ఏ లెక్క చూసినా ఎనభైకి తక్కువ లేదు. పక్కనున్న కూటిగల్‌లోనూ అదే రోజు ప్రాణాలు పోయాయి. సరిగ్గా పదిహేడు రోజులకు, సెప్టెంబరు 13న, భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి అడుగుపెట్టింది.

దీన్ని వలస పాలన మీద స్వాతంత్ర్య పోరు అనవచ్చా అని అడిగేవాళ్లున్నారు. నిజాం తెల్లదొర కాడు, హైదరాబాద్ బ్రిటిష్ జిల్లా కాదు, కాబట్టి ఇది రైతుల తిరుగుబాటే తప్ప స్వాతంత్ర్య యుద్ధం కాదన్నది వాళ్ల వాదన. ఇందులో కొంత నిజముంది. పోరు మొదలైంది జెండా కోసం కాదు. వెట్టిచాకిరీ, లెవీ ధాన్యం, దొరలు గుంజుకున్న భూములు దానికి మూలాలు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను కాల్చిన తుపాకులు విసునూరు దేశ్‌ముఖ్ మనుషులవి. కానీ ఆ దేశ్‌ముఖ్‌ను నిలబెట్టింది నిజాం రాజ్యం. ఆ రాజ్యాన్ని 18వ శతాబ్దం చివరి నుంచి సైన్య సహకార ఒడంబడికలతో నిలబెట్టింది ఇంగ్లీషువాళ్లు. హైదరాబాద్ సొంత సైన్యం, సొంత నాణెం, సొంత తపాలా పెట్టుకొని నడిచినా, దాని మీద సర్వాధికారం బ్రిటిష్ వాళ్లదే. వాళ్లు వెళ్లిపోతూ ఆ అధికారాన్ని ఎవరికీ అప్పగించకుండా వదిలేశారు. 1947 జూన్‌లో నిజాం తాను స్వతంత్రుడినని ఫర్మానా వేయగలిగింది అందువల్లే. 1947 ఆగస్టు 15న ఢిల్లీలో జెండా ఎగిరిన తర్వాత కూడా బైరాన్‌పల్లికి ఏడాదికి పైగా పాత పాలనే మిగిలింది. వలస పాలన తన వెనక వదిలిపెట్టిన ఏర్పాటుతోనే ఆ ఊరు తలపడింది. సైన్యం వచ్చాక కూడా భూమి కోసం సాయుధ పోరు 1951 అక్టోబరు దాకా నడిచిందన్న మాటా నిజమే. దాంతో ఈ చరిత్ర చిక్కుపడిందే గానీ, బురుజు మీద నిలబడ్డవాళ్లు దేనికోసం నిలబడ్డారన్నది మారలేదు.

ఇప్పుడు చేర్యాల వైపు చూద్దాం. నకాషీ పటం తయారీ తొందర పని కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, తెల్లసుద్ద, చింతగింజల అంబలి, తిరుమణి జిగురు కలిపిన పూత ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తారు. ప్రతి పూతా ఆరాలి. ఆ తర్వాత కుంచెతో నేరుగా గీత గీసి, వెనక భాగమంతా ఎరుపు నింపుతారు. దాని మీద ఒళ్లు, బట్టలు, నగలు ఒక్కొక్కటిగా వస్తాయి. చివరికి నల్లగీతతో బొమ్మకు ప్రాణం పోస్తారు. మూడడుగుల వెడల్పున నలభై అడుగులకు పైగా సాగే పటాలున్నాయి. అడ్డపట్టీలు, పూలతీగలు ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం నుంచి వేరు చేస్తాయి. కథకుడు పాడుతూ, కర్రతో చూపిస్తూ పటాన్ని విప్పుకుంటూ పోతాడు. అంటే ఇది గోడకు వేలాడదీసి చూసే బొమ్మ కాదు, రాత్రంతా వినే కథకు తోడు నిలిచే బొమ్మ. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు డక్కలివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు ఇలా ఒక్కో కులానికి ఒక్కో ఆశ్రిత కులం వచ్చి ఆ కుల పురాణం చెబుతుంది. ఏ ఊళ్లు ఎవరివో మిరాశీ హక్కుగా పంచుకున్నారు. పటం పాతబడితే ఊరికే పారెయ్యరు, పూజ చేసి నీళ్లలో కలుపుతారు. నకాషీ ఇంట కొత్త పటానికి మళ్లీ బయానా ఇస్తారు.

పటాల లోకానికి దేవుళ్లూ పురాణాలూ తప్ప ఇంకేమీ తెలియదనుకోవడం సరికాదు. నకాషీలు చేసిన బొమ్మలను వరుసగా నిలబెట్టి మందెచ్చులవాళ్లు గొల్లలకు కాటమరాజు కథ చెబుతారు. ఆ కథ నడుమ ఉన్నది పుల్లరి, అంటే పశువులు మేసినందుకు రాజుకు కట్టే పన్ను. కరువుకు ఆలమందలను తోలుకొని వచ్చిన కాటమరాజుకూ, నెల్లూరు నల్లసిద్ధికీ మేత ఒప్పందం కుదిరింది. అది చెడింది. కాటమరాజు పుల్లరి కట్టనన్నాడు. ఎర్రగడ్డపాడులో యుద్ధమయింది. పన్ను కట్టనన్నందుకు కాపరులు ఒక ఏలికతో చేసిన యుద్ధం నకాషీల చేతికి ఎప్పుడో అలవాటైన విషయమని దీన్ని బట్టి తెలుస్తుంది. లెవీ ధాన్యం ఇవ్వమన్నందుకు, వెట్టి చెయ్యమన్నందుకు ఒక ఊరు చేసిన పోరు ఆ విద్యకు కొత్త భాషేమీ కాదు. కాటమరాజు కథ కూడా ఒకప్పుడు నిన్నమొన్నటి చరిత్రే. గొల్లలు దాన్ని తమదనుకున్నారు కాబట్టి శతాబ్దాలు నిలిచింది.

మరి బైరాన్‌పల్లి కథను ఎవరు తమదనుకోవాలి? బురుజు మీద ఒక్క కులం లేదు. పోరు కోసం ఊళ్లు కట్టుకున్న సంగం అన్న మాటే కులాల గీతలను దాటి పుట్టింది. దొడ్డి కొమురయ్య కురుమ, ఐలమ్మ చాకలి, దళాల్లో రెడ్లు, మాలలు, మాదిగలు, లంబాడీలు అందరూ ఉన్నారు. ఈ కథ చెప్పే హక్కు ఏ ఆశ్రిత కులానిది? బయానా ఇవ్వవలసింది ఎవరు? పటం కథకు పునాది అయిన మిరాశీ ఏర్పాటులో ఈ ప్రశ్నకు జవాబు లేదు. అదే కాలంలో పాట ఏం చేసిందో చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల బాణీని తీసుకొని సంగం మాట చెప్పాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకం పల్లెపల్లెకూ పోయింది. బుర్రకథ చేతికొచ్చిన ఆయుధమైంది. పాత రూపమే, కానీ పాటకు కులం చిట్టా అక్కరలేదు. మనిషి నోట దాగుతుంది, పోలీసు సోదాలో దొరకదు, రాత్రికి రాత్రి ఇంకో ఊరికి పోతుంది. నలభై అడుగుల పటానికి నెలల పని కావాలి, డబ్బు కావాలి, దాచడానికి చోటు కావాలి. దొరల గడీ నీడన ఆ మూడూ దొరకవు. పాట పోరుతో నడిచింది, పటం ఆగిపోయింది.

అలా ఆగిపోవడం తప్పనిసరి అనుకోనక్కరలేదని ఇథియోపియా చెబుతుంది. 1896లో రెండో మెనెలిక్ సైన్యం అడ్వా దగ్గర ఇటలీని ఓడించింది. ఆ విజయాన్ని ఆ దేశపు చిత్రకారులు తమ చర్చి బొమ్మల పద్ధతిలోనే గీశారు. పైన ఆకాశంలో గుర్రమెక్కిన సెయింట్ జార్జి, కింద రెండు వైపులా సైన్యాలు, వరుసలు వరుసలుగా తుపాకులు. దైవాన్ని గీసే గీతతోనే వలస సైన్యం ఓటమిని గీశారు. అక్కడ దాన్ని తమదని చెప్పుకోవడానికి ఒక రాజ్యం, ఒక చర్చి ఉన్నాయి. బైరాన్‌పల్లికి అవి లేవు. అయినా ఈరోజు ఒక జిల్లా ఉంది, ఒక ఊరుంది, ఆ ఊరిని తలుచుకునే లక్షల మంది ఉన్నారు. కులం ఇవ్వలేని బయానాను ఊరు ఇవ్వవచ్చు.

అడ్వా బొమ్మల నుంచే ఒక హెచ్చరిక కూడా తీసుకోవాలి. ఇథియోపియా పద్ధతిలో మంచివాళ్లను నిండు ముఖంతో, రెండు కళ్లతో గీస్తారు. శత్రువుకు పక్కముఖం, ఒంటికన్ను. నకాషీలోనూ ఒంటి రంగుతో మనిషి స్వభావం చెప్పే అలవాటుంది. దేవుళ్లకు నీలం, రాక్షసులకు ముదురు రంగు. రజాకార్లను ఆ రాక్షసుల రంగులో గీస్తే, చూసే కళ్లకు అది ఒక మతం రంగుగా మారదా? పటం వద్దనేవాళ్లు లేవనెత్తగల అభ్యంతరాలలో ఇదే బలమైనది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. దీనికి జవాబు చరిత్రలోనే ఉంది. బైరాన్‌పల్లికి అయిదు రోజుల ముందు, 1948 ఆగస్టు 22న, ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లకు ఎదురు రాసినందుకే హైదరాబాద్‌లో చంపారు. అంతకు ముందే విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు తిరిగిన రైతు బందగీ కూడా ముస్లిమే. అతన్ని చంపించిన దొర హిందువు. సంగం పాటలకు ఊపునిచ్చిన మఖ్దూం మొహియుద్దీన్‌ను మరవగలమా? వీళ్లు ముగ్గురూ పటంలో ఉండి తీరాలి, నిండు ముఖంతో. ఎర్రగడ్డపాడు పోరులో నల్లసిద్ధి పక్షాన పోరాడిన ఖడ్గతిక్కనను సైతం తెలుగువాళ్లు వీరుడనే తలుచుకుంటారు. శత్రువును రాక్షసుణ్ణి చెయ్యకుండా యుద్ధం చెప్పడం మనకు చేతనైన పనే.

ఇంకో అభ్యంతరం కళ స్వచ్ఛత గురించి. నకాషీ పురాణ కళ, దానికి తుపాకులు, ఫిరంగులు అంటగడితే చెడిపోతుందని కొందరి భయం. సిద్దిపేటలోనే పుట్టి, అక్కడే డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, 2012లో కన్నుమూసిన కాపు రాజయ్య ఈ భయానికి తన కుంచెతో ఎప్పుడో జవాబిచ్చారు. నకాషీ గీత బలాన్ని ఒంటబట్టించుకొని వడ్డెర ఆడవాళ్లను, బోనాలను, పొలం పనులను ఆయన గీశారు. పురాణం దాటి రావడం వల్ల గీత బలహీనపడలేదు. దేశమంతటికీ పరిచయమైంది. అసలు చేర్యాల పటం ఎప్పుడూ నిన్నటిదాన్ని నీళ్లలో కలిపి ఇవాళ్టిది కొత్తగా గీయించుకునే సంప్రదాయమే. నిజంగా దాన్ని పలచబరుస్తున్నది వేరే ఉంది. కథకులు తగ్గిపోయారు, పటం కురచబడి ఇంటి గోడకు అలంకారమైంది. మనిషికి కథ చెప్పే పని పోతే పటానికి మిగిలేది రంగే.

చనిపోయినవాళ్ల సంఖ్యే తేలలేదు, అలాంటప్పుడు పటంలో ఏం గీస్తారని అడిగితే, పటం లెక్కల పుస్తకం కాదన్నది నా జవాబు. అది ఏడాదికోసారి ఊరు కూర్చొని విని, తప్పుంటే కథకుణ్ణి అక్కడే ఆపి సరిదిద్దే ఏర్పాటు. రాతి స్తూపానికి అలా సరిదిద్దించుకునే వీలు లేదు. అందుకే జిల్లా పెద్దలకు, చేర్యాల నకాషీ కుటుంబాలకు, పటం కథలు చెప్పే కులాలకు, బైరాన్‌పల్లి, కూటిగల్ ఊళ్లకు ఒక్క మాట. రాబోయే ఏ ఆగస్టు 27కైనా బురుజు కింద నిండు నిడివి పటం ఒకటి విప్పండి. అందులో నగారా కొట్టినవాడి నుంచి ఆ పగలు తమవాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్ల దాకా ప్రతి ఒక్కరికీ చోటివ్వండి. బయానా ఊరి పేరు మీద ఇవ్వండి. అది పాతబడిన నాడు నీళ్లలో కలిపి, ఇంకొకటి గీయించండి.